ముక్కుల మేడమ్

పందుల ఫారాల్లో ఆవిడను అందరూ ముక్కుల మేడమ్ అంటారు. ఫ్లూ పందుల నుంచి మనుషులకో, మనుషుల నుంచి పందులకో పాకుతోందేమో కనిపెట్టడం ఆవిడ ఉద్యోగం. పందులతో ఏ పేచీ లేదు. దొడ్లో నూలుతాడు వేలాడదీస్తే చాలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి నములుతాయి. ఆవిడ ఆ తాడును పిండి, కారిన చొంగను సీసాలో పట్టుకుంటుంది. మనుషులతోనే వచ్చింది చావు. ముక్కులో పెట్టే దూదిపుల్ల చూడగానే కాపరి మొహం తిప్పేసుకుంటాడు. "తల పైకెత్తు బాబూ. పుల్లే, గునపం కాదు," అంటుంది నింపాదిగా. ఇంట్లో మొగుడు చీదినా ముందు పుల్ల కోసమే వెతుక్కుంటుంది, మందు తర్వాత. తుమ్మినవాణ్ని ఫారం గేటు దాటనివ్వదు. తనకు తుమ్మొస్తే మాత్రం "పాడు దుమ్ము" అనుకుని, మాస్కు కిందికి లాగి ముక్కు తుడుచుకుని లోపలికి నడుస్తుంది.

ఒకసారి ఒక ఫారానికి ఆవిడ వచ్చి వెళ్లిన కొద్ది రోజులకే అక్కడి పందులు మేత మానేసి దగ్గడం మొదలుపెట్టాయి. తాడు పిండి పరీక్ష చేస్తే, అది మనుషుల ఫ్లూ అని తేలింది. ఆవిడ కాపరినీ, అతని భార్యనూ నిలబెట్టి ముక్కుల్లో పుల్లలు పెట్టింది. ఇద్దరికీ ఏమీ లేదు.

"ఇంకెవరొచ్చారయ్యా లోపలికి?" అని గద్దించింది.

"మీరొక్కరే మేడమ్," అన్నాడు కాపరి.

ఆవిడ పందుల వంక చూసింది. సంచిలోంచి కొత్త పుల్ల తీసి కాపరి చేతికిచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

"తల పైకెత్తండి మేడమ్," అన్నాడు కాపరి. "పుల్లే, గునపం కాదు."

ఆవిడ మొహం తిప్పేసుకుంది.