ఒక్క జమ్మి ఆకు తక్కువ

ఈమధ్య ఆదివారాలు మా ఇల్లంతా తోలు వాసన. జర్మనీలో మేముండే ఈ బ్యోబ్లింగెన్‌లో పిల్లలందరూ ఫుట్‌బాల్ వెంట పరుగెత్తుతుంటే, పన్నెండేళ్ల మా నిహాల్ మాత్రం ఎక్కణ్నుంచి తగిలించుకున్నాడో ఈ బేస్‌బాల్ పిచ్చి తగిలించుకున్నాడు. వారానికి రెండు రోజులు ప్రాక్టీసు, ఆదివారం మధ్యాహ్నం హాల్లో పాత పేపర్లు పరుచుకుని ఆ లావుపాటి తోలు గ్లవ్‌కు నూనె పట్టించడం. కిటికీ తెరుద్దామంటే చలి, మూసి పెడదామంటే ఈ వాసన. వారమంతా ఆఫీసు మీటింగులు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు, ఇంటి యజమాని రాసే ఉత్తరాలూ మోసి మోసి, ఒక్కపూటైనా సోఫాలో కాళ్లు ముడుచుకుని ఏమీ ఆలోచించకుండా కూర్చుందామనుకుంటాను. ఆ నూనె, ఆ తోలు కలిసిన వాసన నన్ను ఊరికే ఉండనివ్వదు.

పోయిన ఆదివారం వాడి స్నేహితుడు లూకాస్ కూడా వచ్చాడు. ఇద్దరూ కలిసి బడిలో ఏదో ప్రసంగం చెయ్యాలట. ఆట మానేసిన బేస్‌బాల్ ఆటగాళ్లలో ఎవరిని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకోవాలి, ఎవరిని తీసుకోకూడదు అన్నది విషయం. అమెరికాలో ఎక్కడో ఆ మహానుభావుల పేర్లు గోడకు ఎక్కిస్తారట, ఏటేటా దాని మీద పెద్ద రగడట. ఒక ఆటగాడి దగ్గర వీళ్లిద్దరి బండి ఆగిపోయింది. అతను బంతిని కొట్టినట్టు ఇంకొకరు కొట్టలేదు, కానీ వాడకూడని మందులు వాడాడు. కొట్టింది కొట్టిందే కదా అంటాడు లూకాస్. మావాడు ఒప్పుకోడు.

"గెషుమ్మెల్ట్, అమ్మా! తొండి ఆడినోడికి నో. అంతే," అన్నాడు, సగం జర్మన్, సగం నా దగ్గర నేర్చుకున్న తెలుగులో. "నువ్వు చెప్పు. నీది మూడో ఓటు."

నాకు తలనొప్పిగా ఉంది, మీరే తేల్చుకోండి అన్నాను. తలనొప్పి నిజమే. కానీ ఇలాంటి తీర్పులో నేను నోరు విప్పడం అదే మొదటిసారి అయ్యేది కాదని ఆ పిల్లలకు ఎలా తెలుస్తుంది?

మాది గోదావరి పక్క బొగ్గుగనుల కాలనీ. గనిని మేం బాయి అంటాం. ఒకే పోలిక గల రెండు గదుల ఇళ్లు వరసగా, ఉతికి ఆరేసిన బట్టల మీద కూడా సన్నటి నల్లటి పొడి, షిఫ్టు మారినప్పుడల్లా కాలనీ మొత్తాన్ని లేపి కూర్చోబెట్టే సైరన్ కూత, ఆ కూతతో అన్నం కుండ దించే ఆడవాళ్లు, దీపం టోపీ ఒత్తిన గుర్తు ఇంకా నుదుట ఎర్రగా ఉండగానే నిక్కర్లు తొడుక్కుని గ్రౌండుకు పోయే మగవాళ్లు. ఆ గ్రౌండులో వాలీబాల్ తప్ప వేరే ఆట ఉండేది కాదు. వానాకాలంలో మోకాలి లోతు బురదలో కూడా ఆడేవాళ్లు, ఎండాకాలం నీళ్లు చల్లి ఆ తడిమట్టి వాసనలో మునిమాపు దాకా ఆడేవాళ్లు. మేం పిల్లలం చుట్టూ కూర్చుని, ఉడకబెట్టిన పల్లీలు పొట్లాల్లోంచి తింటూ, బంతి బయటపడితే తెచ్చి ఇచ్చే భాగ్యం కోసం కొట్టుకునేవాళ్లం.

మా బాపు పేరు మొగిలి. ఆయన లిఫ్టర్, అంటే వల దగ్గర నిలబడి, కొట్టేవాడికి అనువుగా బంతిని లేపి ఇచ్చే మనిషి. చప్పట్లన్నీ కొట్టినవాడికే పోతాయి, లేపినవాడిని ఎవరూ చూడరు. బాపుకు దానితో పేచీ ఉండేది కాదు. అసలు ఏ విషయంలోనూ పేచీ పెట్టని మనిషి. మాట తక్కువ. ఆడిన మాట మాత్రం నిజం. కాలనీలో ఇద్దరు కొట్లాడుకుంటే "మొగిలిని అడుగుండ్రి" అనేవాళ్లు, ఆయన ఏం చెబితే అదే.

ఆట ముగిసిన బంతి మా ఇంటికే వచ్చేది. అప్పటి బంతి లోపల రబ్బరు తిత్తి, పైన తోలు తొడుగు, దానికి తాడుతో కుట్టిన మూతి. ఆదివారం పొద్దున బాపు అరుగు మీద కూర్చుని, కొబ్బరినూనెలో మైనం కరిగించి, ఆ తోలుకు నెమ్మదిగా పట్టించేవాడు. నేను పక్కన కూర్చునేదాన్ని. ఆ పూట మాత్రం ఆయనకు మాటలు వచ్చేవి. ఏ ఊళ్లో ఆట చూడ్డానికి జనం చెట్లెక్కారో, ఏ ఊళ్లో గెలిచినందుకు తన్నబోతే జట్టంతా లారీ ఎక్కి పారిపోయిందో, ఏ ఊళ్లో వలకు బదులు చేపల వల కట్టారో, నూనె అద్దిన వేలితో గాలిలో గీతలు గీస్తూ చెప్పేవాడు. అమ్మతో కూడా అన్ని మాటలు ఆడేవాడు కాదు. ఆ కథలన్నీ నావే. ఆదివారం ఎప్పుడొస్తుందా అని నేను వారమంతా ఎదురు చూసేదాన్ని.

ఒక వాన ఆదివారం నేనే అడిగాను. "బాపూ, నువ్వు ఎన్నడన్న తొండి ఆడినవా?"

ఆయన చెయ్యి ఆగింది. వాన వైపు చూసి నవ్వాడు.

"ఒక్కపారి ఆడిన బిడ్డా," అన్నాడు.

అవతలి ఏరియా జట్టుతో ఫైనల్. చెరి పద్నాలుగు పాయింట్లు. బంతి లేపడానికి ఎగిరినప్పుడు బాపు మోచెయ్యి వలకు తగిలింది. తగిలితే పాయింటు అవతలివాళ్లకు పోతుంది. వాళ్లు గొడవ చేశారు, అంపైర్ చూడలేదు. తాను చూడలేదు కాబట్టి, మొగిలి అబద్ధమాడడు కదా అని అంపైర్ బాపునే అడిగాడు: తగిలిందా? బాపు తల అడ్డంగా ఊపాడు. తర్వాత రెండు పాయింట్లూ మావాళ్లవే. ఆ కప్పు క్లబ్బు గదిలో అద్దాల బీరువా మధ్య అరలో ఉండేది, కాలనీకి వచ్చిన అన్నిటికంటే పెద్ద కప్పు. నాకు పదకొండేళ్లు. బాపు నవ్వాడు కాబట్టి నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎలాంటి నవ్వో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

క్లబ్బు గదిలో ఒక గోడ ఉండేది. ఆట మానేసిన వాళ్లలో గొప్పవాళ్ల ఫొటోలు ఆ గోడకు ఎక్కేవి. ఎవరిని ఎక్కించాలన్నది దసరా మర్నాడు తేలేది. దసరా సాయంత్రం జమ్మిచెట్టు దగ్గర ఆకులు తెంపి, బంగారం అని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని, కౌగిలించుకుని, పాలపిట్టను చూశామా లేదా అని వాదులాడుకుని, ఇళ్లకొచ్చి గారెలూ కోడికూరా తిని పడుకునేవాళ్లం. మర్నాడు పొద్దున పాత ఆటగాళ్లందరూ ఆ జమ్మి ఆకులే జేబులో వేసుకుని క్లబ్బుకు వచ్చేవాళ్లు. ఫొటో ముందే ఫ్రేము కట్టించి బల్ల మీద పడుకోబెట్టేవాళ్లు. ఒక్కొక్కరూ ఆ మనిషి ఆట గురించి మంచీ చెడూ రెండూ చెప్పి, సమ్మతమైతే ఫ్రేము మీద ఆకు పెట్టాలి. ఒక్క ఆకు తక్కువైనా ఫొటో గోడ ఎక్కదు. ఇక పేరు లేచిన మనిషి మాత్రం ఆ పూట అందరికీ చాయ్ పొయ్యాలి. ఎవరేమన్నా నోరు విప్పకూడదు. పొగడ్త విన్నా, తిట్టు విన్నా గ్లాసులు నింపుతూ తిరగాలి. పిల్లలం మేం తలుపు దగ్గరా కిటికీలకూ వేలాడుతూ చూసేవాళ్లం. ఎవరూ వద్దనేవాళ్లు కాదు.

ఆ ఏడు, ఆట మానేసిన మా బాపు పేరు లేచింది. అమ్మ ఆయన తెల్ల చొక్కాకు గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. నేను దసరాకు కుట్టించిన గులాబీ రంగు గౌను మళ్లీ తొడుక్కుని, తలుపు పక్కన అందరికంటే ముందు చోటు పట్టుకున్నాను. ఆరుగురు పాత ఆటగాళ్లు మాట్లాడారు, ఆరు ఆకులు పడ్డాయి. బాపు చాయ్ పోస్తూనే ఉన్నాడు. తలెత్తలేదు కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఇక మిగిలింది కొమురయ్య మామ. ఆ ఫైనల్లో కెప్టెన్ ఆయనే. వరసకు మా అమ్మకు అన్న కూడా కాడు, ఊరికే మామ. ఆకు చేతిలో పట్టుకుని, పెట్టేముందు బాపును కాస్త ఆటపట్టిద్దామనుకున్నాడు.

"మొగిలి మంచోడే. చేతిల మంత్రం ఉన్నది. గాని ఒక్కటే లోటు, గీయనకు ఆటల హుషారు లేదు. మరీ అమాయకుడు. ఎదుటోని కండ్లు కప్పుడు సస్తే రాదు," అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మా బాపుకు రాదా?

"వచ్చు!" అని అరిచాను. "ఫైనల్ల వల తగిలింది. అంపైర్ అడిగితే తగలలేదన్నడు. ఎవ్వలకు తెల్వలే. మా బాపు గంత హుషారు!"

గొప్పగా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు; అది పృథివి దాకా పోనక్కర్లేదు, ఆ గది దాటకుండానే అంతా అయిపోయింది. ఎవరూ నవ్వలేదు. కొమురయ్య మామ అద్దాల బీరువా వైపు చూశాడు, తర్వాత బాపు వైపు చూశాడు. "అవునా, మొగిలీ?" అని అడగలేదు. అడిగినా బాపు నోరు విప్పకూడదు. బాపు వచ్చి ఆయన గ్లాసులో చాయ్ పోశాడు. ఒక్క చుక్క కింద పడలేదు. కొమురయ్య మామ ఆ చాయ్ తాగాడు, ఆకును తిరిగి జేబులో పెట్టుకున్నాడు, లేచి బయటికి పోయాడు. పోతూ పోతూ నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎందుకు వేశాడో నాకు అర్థం కాలేదు కానీ, ఏదో తప్పు చేశానని మాత్రం ఆ బరువుతోనే తెలిసింది.

నేను ఇంటికి రాకుండా నీళ్ల ట్యాంకు వెనక కూర్చున్నాను. మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగింది. బాపే వెతుక్కుంటూ వచ్చాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"బువ్వ తిన్నవా?" అన్నాడు. అంతే.

నెల తిరక్కముందే ఆ పెద్ద కప్పును మధ్య అర నుంచి తీసి కింద అరలో పెట్టారు. మరుసటి ఏడు బాపు పేరు మళ్లీ ఎత్తబోతే ఆయనే వద్దన్నాడు. ఫొటో గోడ ఎక్కనందుకు నేను ఏడ్చిన ఏడుపు కొన్నాళ్లకు ఆగిపోయింది. ఆగని బాధ ఇంకోటి ఉంది. ఆదివారాలు బాపు అరుగు మీద కూర్చుని బంతికి నూనె పట్టించడం మానలేదు. నేను పక్కన కూర్చోవడం మానలేదు. కోపం ఛాయ కూడా చూపించలేదు, బడి సంగతులు అడిగేవాడు, జడకు రిబ్బన్లు తెచ్చేవాడు. ఆట కథ మాత్రం మళ్లీ చెప్పలేదు. నేను అడిగితే, "ఏమున్నయ్ బిడ్డా, అన్నీ మర్శిపోయిన," అనేవాడు. మరిచిపోయే మనిషి కాదు. నాకే తెలుసు.

ఇప్పుడు ఆ కాలనీ లేదు. పాత బాయి మూసేసి, భూమిని పైనుంచి తవ్వుకుంటూ వచ్చి, గ్రౌండునూ క్లబ్బునూ మా ఇళ్ల వరసనూ కలిపి ఒకే పెద్ద గొయ్యి చేశారు. బాపు అప్పటికే పోయాడు. క్లబ్బు పడగొట్టే ముందు గోడమీది ఫొటోలు ఎవరివి వాళ్ల ఇళ్లకు ఇచ్చారు. ఒకసారి నేను ఊరికి వెళ్తే కొమురయ్య మామ, దగ్గుతూ, ఒక ఫ్రేము తెచ్చి నా చేతిలో పెట్టాడు. గోడ ఎక్కని మా బాపు ఫొటో. అన్నేళ్లూ ఆయన ఇంట్లోనే ఉందట.

"ఆకు పెట్టకూడదని కాదు బిడ్డా," అన్నాడు. "గా తొండి కప్పు ఎత్తింది నేను. నేను ఆకు పెడితే నాకు నేను పెట్టుకున్నట్టే గదా."

ఆ ఫ్రేమును చీరల మధ్య చుట్టి ఇక్కడికి తెచ్చాను. తెచ్చి, ఇంటి కింది నేలమాళిగలో, ఇక్కడివాళ్లు కెల్లర్ అంటారు, కారు శీతాకాలం టైర్ల వెనక పెట్టాను. గోడకు కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు. పారెయ్యడానికీ రాలేదు. ఇలా ఎటూ కాని వస్తువులు ప్రతి ఇంటి కెల్లర్‌లోనూ ఉంటాయనుకుంటాను.

పోయిన ఆదివారం లూకాస్ వెళ్లిపోయాక నేను కిందికి వెళ్లి దాన్ని పైకి తెచ్చాను. ఎందుకు తెచ్చానో చెప్పలేను. అలసిపోయిన మనిషి మూట ఎక్కడో ఒకచోట దించాలి కదా. నిహాల్ ముందు పెట్టి, తాత అని చెప్పి, ఇదంతా చెప్పాను. వాడు గ్లవ్ ఒళ్లో పెట్టుకుని, నూనె గుడ్డ పట్టుకుని, కదలకుండా విన్నాడు. అయిపోయాక ఫొటోలో బాపు ముఖం చాలాసేపు చూశాడు. తాతకు ఒక మినహాయింపు ఇస్తాడని నేను ఎదురు చూస్తున్నందుకు నాకే సిగ్గుగా అనిపించింది.

"తాతకి కూడా నో, అమ్మా," అన్నాడు చివరికి, చాలా మెల్లగా. "సారీ."

"సరేరా," అన్నాను. నిజంగానే సరే అనిపించింది. వాడి స్థానంలో బాపు ఉన్నా ఆకు పెట్టేవాడు కాదు.

వాడు మళ్లీ తోలుకు నూనె అద్దడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలయ్యాక, చెయ్యి ఆపకుండానే అడిగాడు.

"కానీ తాత కూల్. ఇంకో స్టోరీ చెప్పు. తాత ఆడిన ఇంకో మ్యాచ్."

లారీ సంగతి, చేపల వల సంగతి చెప్పాను. అవి రెండు నిమిషాల్లో అయిపోయాయి. వాడు ఇంకోటి అన్నాడు. చెట్లెక్కిన జనం సంగతి చెప్పాను. ఇంకోటి అన్నాడు. నూనె వాసనలో నేను వెతికాను, పదకొండేళ్ల దాకా ఉన్న ఆదివారాలన్నీ వెతికాను.

"ఇంక లేవు నాన్నా," అన్నాను. "నాకు తెలిసినవి అంతే."