అగ్గిపెట్టెల చీర పెడ్తనన్న లైవ్

నవ్వుండ్రి, నవ్వుండ్రి! చాయ్ ముక్కులకెల్లి వచ్చేదాక నవ్వుండ్రి! వనపర్తి మొత్తం నవ్వుతుంది, మీరెందుకు తక్కువ కావాలె? పోయిన ఆదివారం నేను పెట్టిన లైవ్ మీ ఫోన్లకు గూడ వచ్చిందంట గద. "ఫేమస్ అయినవే మంజులా" అంటున్నరు. ఆ ఫేమస్‌ల మన్నువడ! కట్టుకున్నోడు మాట్లాడ్తలేడు, అత్తేమో గడప తొక్కద్దన్నది. అప్పటి సంది అమ్మ ఇంట్ల కూసోని గోడలు చూస్తున్న. ఇదీ నా ఫేమస్!

సరే, మొదటి సంది చెప్త. నడుమల ఎవరన్న నవ్విన్రంటే లేసి పోత, ముందే చెప్తున్న.

మా అత్తగారిది గద్వాల, మీకు తెల్సిందే. ఇంట్ల మగ్గం ఉన్నది. మా ఆయన శేఖర్ మగ్గం గుంటల కూసోని నేస్తడు, అత్త పక్కన కూసోని అంచు దారం అటు ఇటు తిప్పే నాడె అందుకుంటది. నేనేమో సేద్యపోళ్ల పిల్లను, నన్ను మగ్గం ముట్టనియ్యరు. నేసిన చీర నేసినట్టు సేటు కాడికి పోతది. నూలు ఆయనది, జరీ ఆయనది, చీర ఆయనది, నడుం నొప్పి మాది. షాపుల ఆ చీర కొనుక్కునే ఆమెకు మా ఆయన పేరు గూడ తెల్వదు. నాకు అదే మంట. "సొంతంగ ఒక్క చీర నేసి సొంతంగ అమ్ముకుంటే ఏం పోయింది?" అని అడిగిన. "కొనెటోళ్లు యాడున్నరు?" అన్నడు మా ఆయన. "ఫోన్ల ఉన్నరు, నేను తీస్కొస్త" అన్న.

గట్ల షురూ చేసిన చానల్. 'మంజుల మగ్గం' అని పేరు పెట్టిన. బియ్యం డబ్బా మీద ఫోన్ నిలవెట్టి, తలకు పూలు పెట్టుకోని, "హాయ్ ఫ్రెండ్స్" అన్న. ఏ ఫ్రెండ్స్? ఎవడు లేడు! చూసింది ఎవరయ్యా అంటే నేను, మా తమ్ముడు, మళ్ల నేను. మగ్గం చప్పుడు పెట్టిన, చూడలే. అంచును చీర ఒంటికి ఎట్ల కలుపుతరో దగ్గరకెల్లి చూపెట్టిన, చూడలే. పొద్దున పెడితే చూస్తరంటే పొద్దున పెట్టిన, మాపటికి పెడితే చూస్తరంటే మాపటికి పెట్టిన. పాట పెట్టమంటే పాట పెట్టిన, పాట తియ్యమంటే తీసిన. కండ్లు మండేటట్టు ఎడిటింగ్ నేర్సుకున్న. ఒకనాడు యాష్టకొచ్చి, మా అత్త జొన్నరొట్టె కొడ్తుంటే వీడియో తీసి పెట్టిన. దానికొచ్చిండ్రు జనం! "అమ్మా, రొట్టె చినగకుంట ఎట్ల తిప్పుతున్నరు?" అని అడిగిండ్రు. చీర సంగతి ఒక్కడు అడగడు! నాకు ఒళ్లు మండింది. అత్తేమో మీసాలు లేవు గని ఉంటే మెలేసేది. "నువ్వు ఊకె చీర చీర అంటవ్, నా రొట్టెలే పెట్టరాదే" అంటది.

తర్వాత ఒక వీడియోల ఊరికే నోటికొచ్చి అన్న: "మా గద్వాల చీర మడత పెడితే అగ్గిపెట్టెల పడ్తది ఫ్రెండ్స్!" అందరు అనే మాటనే గద అది! మా మామ ఉన్నప్పుడు అంటుండె, షాపోళ్లు అంటరు, బస్సుల పక్క సీట్ల కూసున్నామె గూడ అంటది. నేనంటేనే తప్పయిందా? ఆ వీడియో లేసింది చూడు, నేను పొయ్యి మీద పప్పు మరిచిపోయి అంకెలు చూసుకుంట కూసున్న. ఇగ నాకు దారి దొరికింది. ప్రతి వీడియోల అదే మాట. వీడియో మీది బొమ్మకు గూడ పెద్ద పెద్ద అక్షరాలతోని అదే మాట. మా ఆయన అన్నడు, "అది వేరే చీరనే. అగ్గిపెట్టెల పట్టేతందుకనే సన్నటి పట్టుతోని నేస్తరు. మనది జరీ అంచు, పెద్ద కొంగు. ఊకె అనకు." నేనింటనా? "నువ్వు మగ్గం చూస్కో, జనం సంగతి నాకు ఇడిసిపెట్టు" అన్న.

జనం నిజంగనే వచ్చిండ్రు. వాళ్లల్ల నాగర్‌కర్నూల్ సరళ మేడం ఒకామె. టీచర్. బిడ్డ స్వాతి ఎంగేజ్‌మెంట్‌కు చీర కావాలె, షాపుది వద్దు, మీ చేతిదే కావాలె అని ఫోన్ చేసింది. ఆ దినం మా ఇంట్ల పండుగనే! సేటుకు చెప్పకుంట సొంతంగ నూలు తెచ్చుకోని, మగ్గం ఎక్కిచ్చి, తల్లీ కొడుకు ఇద్దరు కూసోని నేసిండ్రు. తెల్లటి ఒళ్లు, ఎర్రటి అంచు, కొంగు నిండ జరీ. మగ్గం మీదికెల్లి కోసి తీసిన దినం మా ఆయన దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు చేతులల్ల పట్టుకున్నడు. మాది అని చెప్పుకున్న మొదటి చీర అది. మేడంకు నచ్చిందంటే ఆమె చుట్టాలు, తోటి టీచర్లు మాకే చీరలకు చెప్తరు, సేటు చేతి కిందికెల్లి జర బయట పడ్తం అని ఆయన ఆశ. వారం ఆగి మేడం వచ్చి తీస్కపోవాలె. అప్పటిదాక పైలంగ ఉండాలని తెల్లగుడ్డల చుట్టి బీర్వల పెట్టినం.

ఇగో, గప్పుడు దాపురించిండు పులిబొమ్మోడు. పేరు లేదు, మొఖం లేదు, ఫోటో ఉండే కాడ పులి బొమ్మ. ప్రతి వీడియో కింద అదే కూత: "ఒక్కసారన్న అగ్గిపెట్టెల పెట్టి చూపియ్యి మేడం." పోనీలే అనుకున్న. మళ్ల ఇంకోటి రాసిండు: "పవర్‌లూమ్ చీర తెచ్చి మగ్గం ముంగట ఫోటో దిగుతున్నరు." పవర్‌లూమా! మా ఆయన నడుం పోతుంది, మా అత్త కండ్లు పోతున్నయ్, వీనికి పవర్‌లూమ్ కనవడ్డది! అన్నం పళ్లెం ముంగట పెట్టుకోని రిప్లైలు కొట్టిన. నేనొకటంటే వాడు రెండంటడు. నడుమల ఎవరెవరో దూరిండ్రు. సగం మంది నా దిక్కు, సగం మంది పులి దిక్కు. ఒకడైతే మా ఇద్దరికి రాజీ చేస్తనని వచ్చి ఇద్దరితోని తిట్లు తిన్నడు. ఆఖరికి కోపంల రాసిన: "ఆదివారం పొద్దున లైవ్ పెడ్త. చీర అగ్గిపెట్టెల పెట్టి చూపిస్త. పెట్టకపోతే నా పేరు మంజుల కాదు!" రాసి పంపినంక సోయికొచ్చింది. ఇంట్ల ఉన్నది ఒక్కటే చీర, అది మేడంది.

ఆదివారం మా ఆయన మానవపాడుల వాళ్ల అక్క ఇంటికి పోయిండు. ఇగ అడ్డమెవరు? బీర్వ తీస్తుంటే అత్త చూసింది.

"ఏమే, మేడం చీర ఎందుకు తీస్తున్నవ్?"

"జర మడత మార్చి చూపెట్టి మళ్ల పెట్టేస్త అత్తా. మడత పెడితే అరిగిపోతదా?"

"పులి లేదు, పిల్లి లేదు, లోపట పెట్టు. వాడు అంటే అననీ, మన ఒంటికేమన్న అంటుకుంటదా?"

"ఇజ్జత్ అత్తా, ఇజ్జత్! ఊరంత చూస్తుంది!"

నాతోని కాదని గొణుక్కుంట పొయ్యి కాడికి పోయింది.

లైవ్ ఆన్ చేసిన. అవ్వా! అంత మందిని నేను ఎన్నడు చూల్లే. అంకె మీదికి మీదికి పోతనే ఉన్నది. చీర చూపెట్టిన, అంచు చూపెట్టిన, కొంగు చూపెట్టిన. వాళ్లకు అవేం వద్దు, "అగ్గిపెట్టె, అగ్గిపెట్టె" అని ఒకటే కామెంట్లు. పొయ్యి కాడి అగ్గిపెట్టె తెచ్చి పుల్లలన్నీ గుమ్మరిచ్చిన. చీర మడిచిన, మళ్ల మడిచిన, ఇంకా మడిచిన. ఎంత మడిచినా ఇటుకంత ఉన్నది! అగ్గిపెట్టెనేమో నా రెండేళ్లంత! ఎనకట అగ్గిపెట్టెలు జర పెద్దగుండె. ఇప్పుడు పుల్ల తగ్గిచ్చిండ్రు, పెట్టె తగ్గిచ్చిండ్రు, నా పరువు తీసేతందుకే తగ్గిచ్చినట్టున్నరు! పక్కింటికి ఉరికి పెద్ద అగ్గిపెట్టె పట్టుకొచ్చిన. దాంట్ల కొంగు మూల పట్టింది. మిగిలిన చీర మొత్తం బయటనే ఉన్నది.

"ఇంతేనా?" అన్నడు పులిబొమ్మోడు. "చెప్తి గద, పవర్‌లూమ్ అని." కోపంల నేను దాన్ని గట్టిగ చదివిన. లోపట ఉన్న అత్తకు ఇనవడ్డది. పుట్టిన కాడి సంది మగ్గం చప్పుల్ల పెరిగిన మనిషి, ఊకుంటదా? కొంగుకు చేతులు తుడుచుకుంట ఉరికొచ్చింది. "ఎవడ్రా, ఎవడ్రా వాడు పవర్‌లూమ్ అన్నోడు? బయటికి రా!" అని ఫోన్ల తలకాయ పెట్టింది. వాడేదో ఆ ఫోన్ వెనక నక్కి కూసున్నట్టు! తర్వాత నా దిక్కు తిరిగి, "జరుగు, నీకు మడత పెట్టనీకె రాదు" అని చీర గుంజుకున్నది.

ఇగ చూడాలె! వద్దన్న మనిషే మోకాలు పెట్టి తొక్కుతుంది. ఆమె ఒత్తుడు, నేను పెట్టె నూకుడు. పెట్టె పక్కలు చినిగినయ్. సలహాలకు ఏం తక్కువ? "లోపటి గాలి పోవాలె, దాని మీద కూసోండి అమ్మా" అన్నరు. కూసున్నం! వంతులేసుకోని కూసున్నం, లైవ్‌ల! "బరువు పెట్టుండ్రి" అన్నరు ఇంకొకరు. అత్త ఆగుతదా? రోటి కాడికి పోయి నూరుడు రాయి ఎత్తుకొచ్చి ధడేల్‌మని మడత మీద పెట్టింది. ఆగు అత్తా అందామని నోరు తెరిచిన. ఫోన్ల అంకె చూసిన. ఇంకా మీదికి పోతుంది. తెరిచిన నోరు మూసుకున్న.

రాయి తీసి చూస్తే ఏమున్నది? పొద్దున ఆ రాయితోనే అత్త ఎర్రకారం తొక్కు నూరింది. తెల్లటి ఒళ్లు మీద గుండ్రంగ, నూనెతోని సహా, కారం మరక! ఇప్పితే నాలుగు మడతలకు దిగింది. కొంగు మీది జరీ నలిగి ముడతలు ముడతలైంది. అత్త రాయిని కొంగు చాటుకు దాసుకుంటుంది, ఎవరు చూల్లేనట్టు!

గప్పుడొచ్చింది కామెంట్. సరళ మేడం. ఆమెకు లింకు పంపింది ఎవరు? నేనే! "తప్పకుంట చూడుండ్రి మేడం" అని మరీ పంపిన. "మంజులా, అది మా స్వాతి చీర కాదు గదమ్మా?" అని రాసింది.

నేను పండ్లికిలిచ్చి అన్న, "అయ్యో కాదు మేడం! మీది బీర్వల భద్రంగ ఉన్నది. ఇది వేరేది."

పక్కకెల్లి మా అత్త, అంత మంది ముంగట, "వేరేది యాడుందే మనింట్ల? ఆమెది ఇదే గద!" అన్నది.

లైవ్ బంద్ చెయ్యనీకె పోతే, గడ్‌బడ్‌ల వేలు ఇంకేదో మీద వడి కెమెరా నా మొఖం మీదికి తిరిగింది. మీరందరు గ్రూపులల్ల పంచుకుంటున్న ఫోటో అదే. అబద్ధమాడి దొరికిపోయిన నా మొఖం.

మేడం ఫోన్ చేసింది. "నా బిడ్డ చీర మీద ఎట్ల కూసున్నరమ్మా?" అన్నది. మా ఆయన మానవపాడులనే చూసిండంట, వాళ్ల అక్క ఇంట్ల, టీవీల నా లైవ్ పెట్టుకోని, చుట్టాలందరితోని కూసోని. సక్కగ ఇంటికొచ్చి చీర ముట్టి చూసిండు. నాలుగు తిట్టినా బాగుండు! దాన్ని మెల్లగ మడత పెట్టి, మళ్ల అదే తెల్లగుడ్డల చుట్టిండు. గప్పుడొచ్చింది నాకు ఏడుపు. పులిబొమ్మోని మీద గాదు, నా మీద నాకే అసయ్యం పుట్టింది. అత్తేమో కొడుకుతోని, "అగ్గిపెట్టె తెచ్చింది మంజుల" అన్నది. "రాయి తెచ్చిందెవరు?" అన్న నేను. గంతే, గడప తొక్కద్దన్నది!

మగ్గం మీద ఇంకొక చీర నేసెంత నూలు మిగిలి ఉండె. అదొక్కటే మా అదృష్టం. మా ఆయన మేడంను బతిమిలాడిండు, ఎంగేజ్‌మెంట్‌కు అందేటట్టు అసొంటిదే నేసిస్తనన్నడు. ఆమె మంచిది, సరే అన్నది. కానీ షరతు పెట్టింది. "నేసేది రోజు నా కండ్లతోని చూడాలె శేఖర్, లైవ్ పెట్టు. ఆ పిల్ల మాత్రం చీర దగ్గరికి రావొద్దు." ఆ పిల్ల ఎవరు? నేను! తెల్లారి వనపర్తి బస్సు ఎక్కిచ్చిండ్రు.

ఇగో, నా ఫోన్ చూడుండ్రి. ఇప్పుడు గూడ నడుస్తుంది లైవ్, నా చానల్లనే. హాయ్ అనడు, బై అనడు, తలకాయ గూడ ఎత్తడు. మగ్గం చప్పుడు తప్ప ఏం లేదు. నేను ఇదే పెడితే ఒక్క పురుగు చూల్లే! ఇప్పుడు పొద్దున సంది మాపటిదాక జనం కూసోని చూస్తున్నరు. జానెడు అయింది, మూరెడు అయింది అని వాళ్లే సంబురపడ్తున్నరు. సగం దాటింది, మేడం గూడ మంచిగొస్తుంది అన్నది. పులిబొమ్మోడైతే, "అన్నా, ఇది చేతి మగ్గమే, నేను సాక్షి" అని రాసిండు, సిగ్గులేనోడు! ఇంకెవరో తమకు గూడ ఇసొంటిదే కావాలె అని అడిగిండ్రు.

గని రోజు అందరు అడిగేది ఒక్కటే: "అన్నా, ఆ అక్క ఇంట్ల లేదు గద? చీర పైలం!" ఎవ్వరికి రిప్లై ఇయ్యని మనిషి దీనికిచ్చిండు చూడుండ్రి. "వనపర్తిల ఉన్నది, బేఫికర్‌గ ఉండుండ్రి" అని! ఇచ్చి, పైన పిన్ చేసిండు! పిన్ చేసుడు నేర్పింది గూడ నేనే! దానికొచ్చినన్ని లైకులు నా బతుకుల రాలే. మా అమ్మ నాకు అన్నం పెట్టుకుంట, నా ముంగటనే దానికి లైక్ కొట్టింది. ఆఖరికి పండ్లు కొరుక్కుంట నేను గూడ ఒకటి కొట్టిన. ఏం జేస్త మరి, రీచ్ పడిపోతే మళ్ల లేపాల్సింది నేనే గద!