గడప దాటని మూత

వీరరాఘవమ్మ ఏలూరులో ఇరవై ఆరేళ్ళుగా ఆబ్దికాలకు మడి వంట చేస్తోంది. ఒకరు కూర్చోబెట్టి నేర్పిన పని కాదు, చేతులు కాల్చుకుని తెలుసుకున్నది. చీర చెంగు బొడ్లో బిగించందే స్టవ్ వెలిగించదు. మూకుడు నోటికి సరిపోయే మూత ఒకటి ఎప్పుడూ ఎడమచేతి పక్కన ఉండాల్సిందే. నూనె అంటుకుందా, స్టవ్ కట్టేసి, మూత పక్కనుంచి జరిపి కప్పెయ్యాలి. చల్లారేదాకా తియ్యకూడదు. నీళ్ళ జోలికి అసలు పోకూడదు.

ఇవన్నీ తెలిసిన మనిషే ఆ రోజు తప్పు చేసింది.

చాముండేశ్వరి గారింట్లో ఆవిడ భర్త ఆబ్దికం. తద్దినం భోజనానికి భోక్తలు వచ్చేశారంటూ ముందుగదిలోంచి ఒకటే తొందర. గారెలకు నూనె పెట్టాక, చారులోకి కరివేపాకు లేదని గుర్తొచ్చింది. రెండు నిమిషాలే కదా అని స్టవ్ తగ్గించకుండా పెరట్లోకి వెళ్ళింది. మూకుడు మూత అప్పటికే పప్పుగిన్నె మీదకు పోయింది.

ఇంటి కోడలు శ్రీవల్లి స్కూల్లో పరీక్షల డ్యూటీ చూసుకుని అప్పుడే వచ్చింది. మడి కట్టుకోలేదు కాబట్టి వంటింటి గడప దగ్గరే ఆగి కేకేసింది.

"మామ్మగారూ! నూనె పొగలొచ్చేస్తోందండీ!"

"లోపలికి రాకమ్మా, మడి! వస్తున్నా!" అని పెరట్లోంచే అరిచింది వీరరాఘవమ్మ.

పిల్ల ఆగింది. నాలుగడుగులు వేస్తే స్టవ్ మీట అందేది. ఇంతలో మూకుడు భగ్గుమంది. ఇక ఉండలేక శ్రీవల్లి లోపలికి ఉరికి, చేతికందిన మడినీళ్ళ బిందె ఎత్తి గుమ్మరించింది. మంట అటక దాకా లేచింది. వీరరాఘవమ్మ వచ్చి స్టవ్ కట్టేసి మూత కప్పేసరికి ఆ పిల్ల కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. ఎవరో కాలినచోట పూయడానికి ఇంకు తెస్తుంటే వద్దని, ఆసుపత్రికి ఆటో వచ్చేదాకా వీరరాఘవమ్మే ఆ చేతిని కుళాయి కింద పట్టుకుని నిలబడింది.

మూడు వారాలు ఆవిడకు అన్నం సయించలేదు. పెరట్లోంచి తాను అరిచిన మాట ఎవరూ ఎత్తడం లేదు. అందరూ నీళ్ళ గురించే అంటున్నారు. చూడ్డానికి వెళ్తే చాముండేశ్వరి కూడా అదే మాట.

"పిల్లలకు సైన్సు చెప్తుందండీ మా కోడలు! నూనె మీద నీళ్ళు పోసింది!"

కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని శ్రీవల్లి తల దించుకుంది.

"ఆ అమ్మాయి ముందే చూసిందండీ," అంది వీరరాఘవమ్మ. "నేనే రావద్దని అరిచాను. రానిచ్చుంటే స్టవ్ కట్టేసేది. మంటే లేచేది కాదు."

"మడి కదండీ, అనరా మరి?" అంది చాముండేశ్వరి, ఎంతో తేలిగ్గా.

ఆ ఓదార్పు వీరరాఘవమ్మకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

"నాకు వినిపించింది మామ్మగారూ," అంది శ్రీవల్లి. "అందుకే ఆగాను."

ఆ తర్వాత వారం పెదపాడులో పట్టాభిరామయ్య గారింట్లో ఆబ్దికం. స్టవ్ వెలిగించకముందే వీరరాఘవమ్మ ఆ ఇంటి కోడలు దుర్గాభవానిని పిలిచి మూత చేతికిచ్చింది.

"నూనె పొగొస్తే స్టవ్ కట్టెయ్. అంటుకుంటే ఈ మూత కప్పెయ్. నీళ్ళు ముట్టుకోకు. నేను వద్దని అరిచినా ఆగకు."

వరండాలోంచి పట్టాభిరామయ్య తొంగి చూశాడు. "మడి లేకుండా లోపలికొస్తే వంటంతా మైలపడదుటండీ?"

"మళ్ళీ స్నానం చేసి, మళ్ళీ వండుతానండి."

"భోక్తలు సాయంత్రం దాకా పస్తుంటారా? మాకు ఇంకో వంటావిడ దొరకదనుకున్నారా?"

"దొరుకుతుందండి," అంది ఆవిడ మెల్లగా.

ఆయన వరండాలోంచి కదల్లేదు. దుర్గాభవాని మూత పట్టుకుని వచ్చి నిలబడింది. కానీ కాలివేళ్ళు గడప అవతలే ఆగిపోయాయి. కళ్ళు మామగారి వైపున్నాయి.

వీరరాఘవమ్మ నూనె డబ్బా ఎత్తింది. ఒంపలేదు. కింద పెట్టేసింది.

"లోపలికి రామ్మా," అంది. "నువ్వొచ్చి నా పక్కన నిలబడ్డాకే నూనె పోస్తాను."

ఆ పిల్ల ఇంకా మామగారి ముఖమే చూస్తోంది. గారెల పిండి పులిసిపోతోందని తెలిసినా వీరరాఘవమ్మ చేతులు కట్టుకుని అలాగే నిలబడింది.