గేటు బయటి అరుగు

ముసురు పట్టిన రోజుల్లో ఉన్ని గొంగడి వాసన మామూలుగా ఉండదు. గొర్రె, పొయ్యి పొగ, పులిసిన మజ్జిగ, పొగాకు అన్నీ కలిసి ఒక ముసలి మనిషి వచ్చి పక్కన కూర్చున్నట్టుంటుంది. పోయిన నెల హాలియాలో కిరాయి ఇల్లు ఖాళీ చేసి, కాల్వ అవతల మేం కట్టుకున్న రెండు గదుల సొంతింటికి వచ్చినప్పటి నుంచి అవ్వ గొంగడి తలుపు పక్కన కుర్చీ మీదే ఉంది. అవ్వ అంటే మా బాపు తల్లి. ఆమె పోయి చాలా ఏండ్లయింది. నిన్నటి వాన చెమ్మకు గొంగడి మళ్లీ వాసన కొట్టడం మొదలుపెట్టింది.

తెలంగాణ వచ్చిన ఏడు నేను మూడో తరగతి. దేవరకొండ దిక్కున్న మా ఊళ్లో మేపుకు జాగా లేక బాపు మందను అమ్మేసి, హాలియాలో బియ్యం మిల్లులో పనికి కుదిరాడు. గొర్రెలు పోయినా గొంగడి పోలేదు కదా అన్నట్టు అవ్వ దాన్ని భుజాన వేసుకునే ఆటో దిగింది. మాకు వెనక పోర్షన్ ఇచ్చిన ఓనరమ్మ ముందు పోర్షన్‌లో ఉండేది. చెడ్డ మనిషి కాదు. తాళంచెవి ఇస్తూ ఒకటే మాట చెప్పింది.

"గోడకు మేకులు కొట్టొద్దు బిడ్డా. మరకలు గిట్ల చెయ్యొద్దు. గంతే."

అందుకని ఎప్పుడో ఎవరో కొట్టిపోయిన ఒక్క మేకుకే మా సంసారమంతా వేలాడింది. క్యాలెండరు, నా బడిసంచి, బాపు అంగీ, జల్లెడ, అన్నిటి మీద గొంగడి. ఏది కావాలన్నా ముందు గొంగడి తియ్యాలి కాబట్టి మా ఇంట్లో అన్నిటికీ గొర్రె వాసనే. బడిలో పక్క పిల్ల ముక్కు మూసుకునేది. నేను ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చునేదాన్ని.

కోతలప్పుడు ఊరంతా ఉడికిన వడ్ల వాసన, మిల్లు గొట్టాల నుంచి నల్లటి ఊక బూడిద వచ్చి దండెం మీది బట్టల మీద వాలేది, అమ్మ ఉతికిన చీరనే మళ్లీ దులుపుకుంటూ మిల్లును తిట్టేది, ఆ మిల్లు కూడే తింటున్నామని అవ్వ గుర్తుచేసేది. రోడ్డు పొడుగునా ఆరబోసిన వడ్లలో మేం కాళ్లతో సాళ్లు తీస్తూ పోతే అరికాళ్లు రాత్రిదాకా దురద పెట్టేవి. ఎండాకాలం తాటిముంజలు, బొటనవేలితో పొడిస్తే మొహం మీదికి చిమ్మే నీళ్లు. బతుకమ్మ పండుగకు ఓనరమ్మ వాకిట్లోనే తంగేడు పువ్వు, గునుగు పువ్వు కుప్పలు పోసుకునేవాళ్లం. పెసర్ల సత్తుపిండి, నువ్వుల ముద్దలు ఆమె గిన్నె నుంచి మా గిన్నెలోకి, మా గిన్నె నుంచి ఆమె గిన్నెలోకి తిరుగుతుండేవి.

ఒక వానకాలం పక్క పోర్షన్‌లో కిరాయికుండే సారు వాళ్ల నాయన దవాఖానలో పోయాడు. కిరాయి ఇంట్లోకి పీనుగను రానియ్యరు. నక్షత్రం మంచిది కాకపోతే ఆ ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలి, తర్వాత కిరాయికి వచ్చేవాళ్లు ఉండరు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు, కిరాయికున్న ప్రతివాళ్లకూ తెలుసు. ఆ పెద్దమనిషిని రోడ్డు మీద టెంటు కింద, తుంపరలో పడుకోబెట్టారు. తీసుకుపోయేదాకా అవ్వ గేటు పట్టుకుని చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత ఆమెకు దగ్గు పట్టింది. కాస్త గట్టిగా దగ్గు వస్తే చాలు, గొంగడి, గిలాస, పొగాకు సంచి తీసుకుని గేటు దాటి, రోడ్డు వైపున్న బండ అరుగు మీద కూర్చునేది.

అమ్మ వెంట పోయింది. "గీడెందుకు కూసున్నవత్తా? చలి పెడుతాంది."

"పాణం చెప్పి పోతదా బిడ్డా? లోపల పోతే గా ఓనరమ్మకు ఇల్లు పాడైతది, మీకు జాగా పోతది. పిల్ల బడి మళ్ల యాడికి మారుస్తరు?"

దగ్గు తగ్గితే లోపలికొచ్చి అన్నం పెట్టమనేది. రోజులు గడిచేకొద్దీ ఇది వాడకట్టుకంతా అలవాటైపోయింది. "మల్లవ్వా, ఇయ్యాల పోతున్నవా, రేపా?" అని పాలాయన అడిగితే, "ఇయ్యాల చాపల పులుసున్నది, తిని సూస్త" అనేది. నేను ఆ అరుగు మీద ఆమె పక్కన కచ్చకాయలు ఆడుకునేదాన్ని. నాకు అది ఆటే.

బాపుకు మాత్రం ఆట కాదు. "మా నాయిన గొర్లెంట వోయి చెట్టు కింద పాణం ఇడిచిండు. గీమె అన్న ఒక కప్పు కింద పోవాలె" అనేవాడు అమ్మతో. ఒకనాడు నన్ను వెంటబెట్టుకుని పోయి ఓనరమ్మ ముందు నిలబడ్డాడు.

"మా అమ్మకు ఏమన్న అయితే... లోపల్నే ఉంచుకోనిస్తరా?"

ఆమె చాలాసేపు చాటలో బియ్యం ఏరింది. "నేనేమంటనయ్యా. అందరిండ్లల్ల ఉన్నదే గద" అంది. అవునని కాదు, కాదని కాదు. సాయంత్రం అవ్వకని గిన్నెడు సత్తుపిండి పంపింది. బాపు ముట్టలేదు. అవ్వ గిన్నె ఖాళీ చేసింది.

సద్దుల బతుకమ్మకు ముందు ఒక పొద్దున, నేను గునుగు కట్టలు కడుతుండగా అవ్వ దగ్గింది. పెద్ద దగ్గేం కాదు. గొంగడి తీసుకుని పోయింది. "తగ్గంగనే రా అత్తా, అన్నమైతాంది" అంది అమ్మ పొయ్యి దగ్గర నుంచే. అన్నం అయ్యాక పిలవడానికి నేనే పోయాను. గేటు స్తంభానికి ఆనుకుని, గొంగడి మెడదాకా కప్పుకుని ఉంది. కదిపితే పక్కకు ఒరిగింది.

మిల్లు నుంచి ఒంటినిండా తవుడుతో బాపు పరుగెత్తుకొచ్చాడు. అవ్వను గొంగడితోనే రెండు చేతుల మీదికి ఎత్తుకుని గేటు దాకా నడిచాడు. ఓనరమ్మ వరండాలో నిలబడి ఉంది. ఎవరూ వద్దనలేదు. రమ్మని కూడా అనలేదు. బాపు వెనక్కి తిరిగి అవ్వను మళ్లీ అరుగు మీదే పడుకోబెట్టాడు. స్నానానికి నీళ్లు ఓనరమ్మే ఇచ్చింది, గేటు లోపలి నుంచి పైపు వేసి. మా అందరికంటే గట్టిగా ఏడ్చింది కూడా ఆమే.

అదే ఇంట్లో ఇంకా ఎన్నో ఏండ్లున్నాం. నా చదువు అక్కడే అయిపోయింది. ఇప్పుడు దాన్ని పడగొట్టి దుకాణాలు కడతారట. ఖాళీ చేసేనాడు, పడగొట్టే ఇంటికి కడుగుడెందుకని బాపు అన్నా వినకుండా అమ్మ గదులన్నీ కడిగి, వంటగోడ మసి తోమింది. ఓనరమ్మ మెల్లగా వచ్చి, గోడ మీద చెయ్యి రాస్తూ గదులన్నీ తిరిగింది.

"మంచిగుంచుకున్నరు బిడ్డా ఇల్లు. ఒక్క మరక లేదు."

అమ్మ తలూపింది. నాకు కోపమో ఏడుపో వస్తుందని చూశాను, ఏదీ రాలేదు. గ్యాస్ సిలిండరు ఆటోలో ఎక్కించారా లేదా అన్నదే గుర్తొచ్చింది. గేటు బయట అరుగు లేదు. రోడ్డు పక్కన మురికినీళ్ల మోరీ కట్టినప్పుడే ఆ బండ ఎటో పోయింది. ఇక్కడ కొత్తింటి మీద బూడిద పడదు, ఉడికిన వడ్ల వాసన రాదు. పాలాయన బదులు ప్యాకెట్లు వస్తున్నాయి.

ఈ పొద్దున బాపు సుత్తి, మేకు పట్టుకుని నిలబడ్డాడు. "గొంగడికి యాడ కొట్టమంటవే?" అని అమ్మను అడిగాడు. అమ్మ కొత్త సున్నం గోడ మీద చెయ్యి రాసింది.

"వద్దులే. మరకైతది."

మన గోడే కదా అనుకున్నాను. బాపు సుత్తి కింద పెట్టాడు. గొంగడి తలుపు పక్కన కుర్చీ మీదే ఉంది, బయటికి పోయేటప్పుడు చేతికి అందేచోట.