వేలిముద్రకు ముందు

ఇరవై ఏళ్ల కిందట భద్రాచలం బస్సులో నా పక్కన ఒక అడవి పల్లె మనిషి కూర్చున్నాడు. ఉప్పుకారం అద్దిన మామిడి ముక్క ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మత్తుమందు కలిపాననుకున్నాడేమో!

"మా ఊళ్లె మామిడి పండుగ ఇంక కాలే సారూ. కాకముందు ముట్టం" అన్నాడు.

కాసేపటికి తనే ఒక కాగితం తీశాడు. బిడ్డ హాస్టల్ సీటు కోసం దాని మీద వేలిముద్ర వేయాలట. వాళ్ల తెగ పేరు పక్కన 'ప్రిమిటివ్' అనే ఇంగ్లీషు మాట ఉందని ఎవరో చదివి చెప్పారట. ఆ మాటేమిటో తెలియందే వేయడట.

"గిదేంది సారూ?"

కోతలు కోయడంలో నాకు పేరుంది; ఏన్కూరు అడవిలో పులి బస్సెక్కి నా పక్క సీట్లో టికెట్ తీసుకుందంటే నమ్మినవాళ్లున్నారు. ఆ రోజు మాత్రం నిజమే చెప్పాను.

"మొదటివాళ్లని. అందరికన్నా ముందునుంచీ ఉన్నవాళ్లని."

"గంతేనా?"

"అంతే."

మోటువాళ్లు, ఏమీ తెలియనివాళ్లు అనే అర్థం కూడా ఉందని చెప్పడానికి నోరు రాలేదు.

అతను నా ముఖం చాలాసేపు చూశాడు.

"మొదటోళ్లమైతే ఆఫీసుల మమ్ముల అందరెనక నిలబెడ్తరేంది?"

నేను కిటికీ వైపు తిరిగాను. అతను కాగితం మడిచి, ముందు సీట్లో పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్న టీచరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, గీ మాట జర చెప్పు. ఆ సారు సగమే చెప్పిండు."