నలభై కలిస్తే

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ యూనివర్సిటీ వర్క్‌షాపులో నెవెనా ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. గుంపుగా తిరిగే చిట్టి రోబోలకు కొత్త సర్క్యూట్ బోర్డు గీసింది ఆవిడే. అరచేతిలో రెండు పట్టే ఆ రోబోలు కంటికి కనపడని వెలుగు వదులుతాయి. అది దేనికైనా తగిలి తిరిగొస్తే పక్కకు తప్పుకుంటాయి. పాతవాటికి నాలుగంగుళాలు దాటితే చూపు ఆనేది కాదు. నెవెనా వెలుగు పెంచి మూరెడు దూరం చూసేలా చేసింది. ఒక్కొక్కదాన్నీ బల్లమీద నడిపించి, గట్టెక్కినదానికి గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టింది. ఆ చుక్కలంటే ఆవిడకు ఎంత మురిపెమో!

నిన్న నలభైనీ కలిపి ఒకేసారి వదిలింది. అన్నీ ఉన్నచోటే గిర్రున తిరిగాయి. పక్కదాని వెలుగు చూసి, దేనికది ఎదురుగా గోడ ఉందనుకుంది. గుంపు కోసం చేసినవాటిని విడివిడిగా పరీక్షించడమేమిటి? ఆ మాట ఇన్నాళ్లూ తట్టనందుకు ఆవిడకు తనమీదే ఒళ్లు మండింది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందిరా బొగొమిల్. నెల రోజులియ్యి, వెలుగులు వంతులవారీగా వెలిగేట్టు మారుస్తా."

బొగొమిల్ ఇప్పుడు ప్రొఫెసరు. టంకం వేయడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు.

"రేపే సోఫియా నుంచి కమిటీ వస్తోందక్కా. నచ్చకపోతే బయటిదేశం నుంచి రెడీమేడ్‌వి తెప్పిస్తారు, నీ బల్ల ఎత్తేస్తారు. ఐదే వదులు. ఐదైతే ఎడంగా ఉండి బాగానే నడుస్తాయి. అబద్ధమేం కాదుగా!"

మర్నాడు పొద్దున్నే, పని నీళ్లలా సాగాలని అక్కడి ఆచారం ప్రకారం గుమ్మంలో చెంబుడు నీళ్లు ఒంపింది కూడా అతనే.

"నీళ్లు పోసి రోబోల్ని నడిపించే విద్య నేను నేర్పలేదే నీకు!" అంది నెవెనా. నవ్వు మాత్రం రాలేదు.

కమిటీ ముందు ఐదూ చక్కగా నడిచాయి. కమిటీ పెద్దావిడ కళ్లజోడు సవరించుకుంది.

"మొత్తం ఎన్ని చేశావమ్మా?"

"నలభై."

"అన్నీ కలిసినా ఇలాగే నడుస్తాయా?"

'ఊఁ' అంటే చాలు, బల్ల మిగులుతుంది. నెవెనా మిగతావాటినీ బల్లమీద పెట్టింది. అన్నీ మళ్లీ ఉన్నచోటే గిర్రున తిరిగాయి.

"తప్పు నాదేనండీ. కలిపి చూడలేదు."

కమిటీ అరగంట మాట్లాడుకుని, రెడీమేడ్‌వే కొనమని చెప్పి వెళ్లిపోయింది.

"నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేదక్కా?" అన్నాడు బొగొమిల్.

"టంకంలో బుడగ కప్పిపెట్టావని నీ చెవి మెలేసిందాన్నిరా నేను."

అతను తలొంచుకుని బయటికెళ్లాడు. నెవెనా ఒక్కొక్క రోబోనీ ఆపి పెట్టెలో పెట్టసాగింది. ముప్పై ఐదు ఆపేసరికి, మిగిలిన ఐదూ ఒకదానికొకటి దారిచ్చుకుంటూ బల్లంతా తిరిగాయి. వాటిని ఆపడానికి ఆవిడకు చేతులు రాలేదు.