మంచి వాచీకి రిపేరు

మా అక్క బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ సూపర్‌వైజరు. కుట్టిన చొక్కాను తిరగేసి, కుట్టు వెంట గోరు నడిపి, దారం ఎక్కడ తప్పిందో చెప్పేస్తుంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకడానికి జీతమిచ్చే ఉద్యోగం లోకంలో అదొక్కటేనని మా బావ అంటాడు. కొత్తగా చేరినవాళ్లకు అక్క ఒక పరీక్ష పెడుతుంది. ఏ లోపమూ లేని చొక్కా చేతికిచ్చి, "ఇందులో తప్పు పట్టు" అంటుంది. పనితనం చూపించుకోవాలని ఏదో ఒకటి పట్టేవాళ్లకు ఆ రోజు మూడినట్టే.

బావ స్కూలు బస్సు నడుపుతాడు. ఇన్నేళ్లలో బస్సుకు చిన్న గీతైనా పడనివ్వలేదని స్కూలువాళ్లు ఆయనకో వాచీ బహుమతిగా ఇచ్చారు. అది అడుగులు లెక్కపెడుతుంది, గుండె కొట్టుకోవడం చూస్తుంది. నెల తిరక్కుండానే గొడవ మొదలుపెట్టింది. ఉన్నట్టుండి చేతి మీద జుయ్యిమని అదురుతుంది, ఎర్రటి గుండె బొమ్మ వేస్తుంది, కొట్టుకోవడంలో తేడా ఉందంటుంది. అది మోగితే చాలు, బావ కంచంలోంచి చెయ్యి తీసేసి కూర్చునేవాడు. మెట్లెక్కి వచ్చి ఆయాసపడినా, "ఇదంతా ఈ వాచీ పెట్టిన భయమే" అని అక్క దాన్నే తిట్టేది.

"ఓసారి డాక్టరుకి చూపించకూడదూ?" అన్నాను.

"వాచీ చెడిపోతే డాక్టరుకి చూపిస్తారటే ఎవరైనా?" అంది అక్క. " ఊరికే వచ్చింది కదా, అందుకే ఇలా తగలడింది. పద నాతో!"

ఆ ఒక్క మాటతో నా సెలవులన్నీ దుకాణాల పాలయ్యాయి. మొదటివాడు బ్యాటరీ మార్చాడు. ఇంకొకడు లోపలికి చెమట వెళ్లిందని విప్పి ఆరబెట్టాడు. మరొకడు అడుగున మెరిసే పచ్చ దీపం పోయిందని కొత్తది వేశానన్నాడు. వేశాడో, పాతదే తుడిచిచ్చాడో ఆ దేవుడికే తెలియాలి. బావ కట్టుకున్నాక అది ఒకటి రెండు రోజులు ఊరుకునేది, తరువాత మళ్లీ అదే ఎర్ర బొమ్మ. నాకు ఒళ్లు మండిపోయింది. రిపేరువాళ్లంతా కూడబలుక్కుని మా ఇంటి మీద పడ్డారా అనిపించింది.

అప్పుడు అక్కకు తన చొక్కా పరీక్ష గుర్తొచ్చింది. నా చేతికున్న వాచీ లాక్కుంది. అది నిక్షేపంగా పనిచేస్తోంది.

"ముందు దీన్ని చూపిద్దాం. బాగుందన్నవాడికే మీ బావది ఇద్దాం."

చూపించాం. ఒకడికి బోర్డు పోయినట్టు కనిపించింది. ఒకడికి బ్యాటరీ ఉబ్బింది. "ఇంకొన్నాళ్లు ఆగుంటే చెయ్యి కాలిపోయేదమ్మా" అని ఒకడు జాలిపడ్డాడు కూడా. పరీక్ష అక్కది, స్క్రూడ్రైవరు గీతలు నా వాచీకి.

చివరికి ఫోన్ల కొట్టు పక్కన ఇరుకు గదిలో కూర్చునే ఒకాయన దొరికాడు. నా వాచీని అటూ ఇటూ తిప్పి, ఛార్జింగు పెట్టి చూసి, వెనక్కి నెట్టాడు.

"దీనికేం రోగం లేదు. తీసుకెళ్లండి."

అక్క మొహం చేటంత అయింది. వెంటనే సంచిలోంచి బావ వాచీ తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్నీ అలాగే చూశాడు. తన చేతికి కట్టుకుని కాసేపు కూర్చున్నాడు.

"దీనికీ ఏం లేదమ్మా."

అక్క భగ్గుమంది. "ఏది చూపించినా ఏం లేదనే అంటారా? అసలు చూడ్డం వచ్చా మీకు? లేనిపోనివి చెప్పి రోజూ మా ఆయన ప్రాణం తీస్తోందిది!"

ఆయన వాచీ విప్పి అక్కను కట్టుకోమన్నాడు. కాసేపటికి అంతా బాగుందని పచ్చ గుండె బొమ్మ వచ్చింది. తరువాత నన్ను కట్టుకోమన్నాడు. పచ్చ బొమ్మే.

"నాకూ సరిగానే చెప్పింది, మీ ఇద్దరికీ సరిగానే చెప్పింది" అన్నాడు మెల్లగా. "మరి ఇది రోజూ కట్టుకునేదెవరమ్మా?"

అక్క నా చేతికున్న బావ వాచీ కేసే చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లూ అది ఒకే మాట చెబుతోంది. మేమే దాని నోరు మూయించేవాడి కోసం ఊరంతా తిరిగాం. నాకు ఏడుపు ఆగలేదు.

కొట్టు మెట్ల మీదే అక్క ఫోన్ తీసింది. బడి వదిలే వేళ. బావ బస్సు దగ్గరే ఉంటాడు.

"పిల్లల్ని ఎక్కించుకోకండి. తాళాలు ఇంకో డ్రైవరుకి ఇచ్చేసి నీడలో కూర్చోండి. వచ్చేస్తున్నాం, ఆసుపత్రికి వెళ్దాం."

బావ గొంతు నాకూ వినిపించింది. "ఆసుపత్రికా? ఎందుకూ? ముందు వాచీ సంగతి చెప్పు. ఈయన కూడా చెడగొట్టాడా?"

"లేదండీ" అంది అక్క. "వాచీ బాగుంది."